లంక గ్రామంలో ఇద్దరే ఉంటున్న అమ్మానాన్నలను ఎండ నుంచి, వరద నుంచి కాపాడుకోవడం ఎలా?

మీరు అడిగిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. కోనసీమలోని పి.గన్నవరం దగ్గర, గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామంలో, సొంత డాబా ఇంట్లో 78 ఏళ్ల నాన్నగారు, 73 ఏళ్ల అమ్మగారు ఇద్దరే ఉంటున్నారు. నాన్నగారికి గుండె జబ్బు ఉంది, నీరు తగ్గించే మాత్రలు వాడుతున్నారు. అమ్మగారు రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. పిల్లల్లో ఒకరు హైదరాబాదులో, ఒకరు విదేశంలో ఉన్నారు. ఏటేటా ఎండలు, వరదలు పెరుగుతున్నాయి, వచ్చేయమంటే రావడం లేదు, ఏసీ పెట్టిస్తే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. గోదావరి జిల్లాల ఆరోగ్య కేంద్రాల్లో చాలా ఏళ్లు వైద్యుడిగా పనిచేసినవాణ్ని కనుక నాకు తెలిసినంతవరకు వివరంగా సమాధానం ఇస్తాను.

ఏసీ తప్పకుండా పెట్టించండి. అయితే అది చాలదు. మన ప్రాంతంలో వృద్ధులు ప్రాణం పోగొట్టుకునేది ఎక్కువగా ఒక్క పెద్ద దెబ్బకు కాదు. చిన్నచిన్న ఇబ్బందులు నాలుగైదు కలిసి, ఎవరి కంటా పడకుండా, రెండు మూడు రోజుల్లో మనిషిని కిందికి లాగేస్తాయి. కాబట్టి రోజుకు రెండుసార్లు గడప తొక్కి, కూర్చుని, నాలుగు మాటలు మాట్లాడి వెళ్లే మనిషిని ఏర్పాటు చేయడమే అన్నిటికన్నా ముందు చేయవలసిన పని. మిగిలిన ఏర్పాట్లన్నీ ఆ మనిషి చేతిలో పనిముట్లు మాత్రమే.

కోనసీమలో తుఫాను అనగానే 1996 నవంబరు 6 గుర్తుకు వస్తుంది. వరద అనగానే 1986 ఆగస్టు గుర్తుకు వస్తుంది. ఎండ విషయంలో అలా గుర్తుండిపోయిన తేదీ ఒక్కటీ లేదు. కానీ 2003 వేసవిలోనూ, 2015 మే నెలలోనూ ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు చనిపోయినవారు, లెక్కకు ఎక్కినంతవరకే, ఒక్కో ఏడాది వెయ్యికి పైగా ఉన్నారు. లెక్కకు ఎక్కనివారు ఇంకా ఉంటారు. ఎందుకంటే వృద్ధుల విషయంలో ఎండ చాలాసార్లు గుండెపోటుగానో, పక్షవాతంగానో, మూత్రపిండాలు దెబ్బతినడంగానో బయటపడుతుంది, చనిపోయిన కారణంగా కూడా అదే నమోదవుతుంది. 2003 ఆగస్టులో ఫ్రాన్సులో సుమారు 15,000 మంది వేడికి చనిపోయారు. వారిలో అత్యధికులు 75 ఏళ్లు దాటినవారు, ఆ సమయంలో చాలా కుటుంబాలు సెలవులకు వేరే ఊళ్లకు వెళ్లి ఉన్నాయి. 1995లో షికాగోలో 700 మందికి పైగా చనిపోయినప్పుడు కూడా, ఒంటరిగా ఉంటూ ఎవరితోనూ రాకపోకలు లేనివారికే ముప్పు ఎక్కువని తరువాతి పరిశోధనలో తేలింది. పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉండి, పెద్దవాళ్లు మాత్రమే మిగిలిన ఇళ్లు ఇప్పుడు మన ఊళ్లలో వీధికి ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

వయసు పెరిగేకొద్దీ దాహం వేయడం తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గినా నోరు అడగదు. చెమట పట్టే శక్తి కూడా తగ్గుతుంది, చర్మానికి రక్తం పంపడానికి గుండె ఎక్కువ శ్రమపడవలసి వస్తుంది. దీనికి తోడు సముద్రానికి దగ్గరగా ఉన్న మన డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ కనుక పట్టిన చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. వాతావరణ శాఖ మైదాన ప్రాంతాలకు కనీసం 40 డిగ్రీలు చేరితేనే వడగాడ్పుల సంగతి పరిశీలిస్తుంది గాని, తీర ప్రాంతాలకు 37 డిగ్రీలు దాటి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటే చాలు. రెంటచింతలలో 45 ఉంది, మన దగ్గర 38 మాత్రమే అని ఊరట చెందవద్దు.

ఇప్పుడు చెప్పబోయేది చాలామంది పట్టించుకోని సంగతి. వృద్ధులు, ముఖ్యంగా ఆడవాళ్లు, వేసవిలో నీళ్లు తక్కువ తాగడానికి ఒక కారణం మరుగుదొడ్డి. పాత ఇళ్లలో అది పెరట్లో ఉంటుంది, మెట్లు ఉంటాయి, రాత్రి దీపం సరిగా ఉండదు, గొంతుక్కూర్చోవడానికి మోకాళ్లు సహకరించవు. దాంతో సాయంత్రం ఆరు దాటాక గ్లాసు ముట్టరు. అడిగితే దాహం లేదంటారు, అసలు సంగతి చెప్పడానికి మొహమాటపడతారు. మీ అమ్మగారి గదికి ఆనుకుని కమోడ్, పట్టుకోవడానికి గోడకు కడ్డీలు, రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టించండి. కుదరకపోతే మందుల దుకాణాల్లో దొరికే కమోడ్ కుర్చీ ఒకటి కొనండి. నా అనుభవంలో ఏసీ కన్నా ఈ కుర్చీ ఎక్కువ మేలు చేసిన ఇళ్లు ఉన్నాయి.

రెండోది మంచినీళ్ల టిన్ను. మన దగ్గర రబీ కోతల తరువాత, ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లోనే నీరు వస్తుంది. ఎండలు మండే ఆ రోజుల్లో ఊరి చెరువులో నిల్వ ఉన్న నీరే దిక్కు, తీరానికి దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. అందువల్ల ఇంటింటికీ 20 లీటర్ల టిన్నులు వస్తాయి. ఆ నిండు టిన్నును 78 ఏళ్ల మనిషి ఎత్తి వంచలేరు. ఎవరైనా వచ్చి వంచి పెట్టేదాకా ఉన్న నీళ్లను పొదుపుగా తాగుతారు, లేదా ఆ ఉప్పు నీళ్లే తాగుతారు, అది రక్తపోటుకూ గుండెకూ మంచిది కాదు. కుళాయి బిగించిన స్టాండు కొని, టిన్ను తెచ్చే కుర్రవాడే దాన్ని స్టాండు మీద పెట్టి వెళ్లేటట్లు మాట్లాడుకోండి. మంచం పక్కన లీటరు సీసాలు రెండు నింపి ఉంచితే, సాయంత్రానికి ఎంత తాగారో చూడగానే తెలుస్తుంది.

ఎంత తాగాలన్నది ఇద్దరికీ ఒకటి కాదు. గుండె, మూత్రపిండాల జబ్బు లేనివారు వేసవిలో రెండు, రెండున్నర లీటర్ల దాకా తీసుకోవచ్చు. మీ నాన్నగారికి మాత్రం ఆయనను చూసే గుండె వైద్యుణ్ణే అడిగి పరిమితి రాయించుకోండి. మరో జాగ్రత్త మన కోనసీమకే ప్రత్యేకం. పెరట్లో కాయలున్నాయి కదా అని వేసవంతా రోజుకు మూడు నాలుగు కొబ్బరి బోండాలు తాగించే ఇళ్లు ఉంటాయి. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. బీపీకి, గుండె జబ్బుకు ఇచ్చే టెల్మిసార్టన్, స్పైరోనోలాక్టోన్ వంటి మందులు వాడేవారికీ, మూత్రపిండాలు బలహీనపడినవారికీ రక్తంలో పొటాషియం పేరుకుని గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అటువంటివారికి పల్చటి మజ్జిగ మేలు, అందులో ఉప్పు ఎంత వేయాలో కూడా వైద్యుడే చెప్పాలి. ఆవకాయ, మాగాయ కలిపి తిన్న రోజున ఉప్పు ఎలాగూ ఎక్కువే చేరుతుంది.

మందుల విషయం మార్చిలోనే తేల్చుకోవాలి. నీరు తగ్గించే ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్ వంటి మాత్రలు చలికాలంలో సరిపోయిన మోతాదులోనే రోహిణి కార్తెలోనూ వేసుకుంటే ఒళ్లు ఎండిపోయి, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. అలాగని మీ అంతట మీరు ఆపకూడదు, ఆపితే ఆయాసం వస్తుంది. వేసవికి మోతాదు మార్చాలా అని వైద్యుణ్ణి అడగండి, ఇంట్లో ఒక బరువు తూచే యంత్రం ఉంచి, రోజూ ఉదయం కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు బరువు రాయించండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు తగ్గితే నీరు తగ్గిపోతోందని, రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. రెండింటిలో ఏది జరిగినా ఆ రోజే వైద్యుడికి ఫోను చేయాలి. నిద్ర కోసం, మూత్రం ఆపుకోలేకపోవడం కోసం, జలుబు కోసం ఇచ్చే కొన్ని మందులు చెమటను తగ్గిస్తాయి కనుక వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకువెళ్లి చూపించండి.

ఇక్కడ రెండు విషయాలు గట్టిగా చెప్పాలి. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో వేయించుకునే డైక్లోఫెనాక్ ఇంజెక్షను, నీరు తగ్గించే మాత్ర, టెల్మిసార్టన్ జాతి బీపీ మాత్ర, ఈ మూడూ ఒంట్లో నీరు తగ్గిన సమయంలో కలిస్తే మూత్రపిండాలు ఒక్కసారిగా దెబ్బతింటాయి. అలాగే నీరసంగా ఉందని గుండె జబ్బు ఉన్న మనిషికి ఇంటి దగ్గర సెలైన్ బాటిళ్లు ఎక్కించడం ప్రాణాపాయం, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఈ రెండింటినీ వద్దని నాన్నగారితోనూ, ఊళ్లో ఇంజెక్షన్లు చేసే మనిషితోనూ మీరే స్వయంగా చెప్పండి.

ఇన్సులిన్ సంగతి. తెరిచిన సీసా 30 డిగ్రీల లోపు అయితే సుమారు నాలుగు వారాలు బాగుంటుంది, కానీ మే నెలలో మన గదుల్లో పగలు 35 దాటుతుంది, గాలివానకు కరెంటు పోతే ఫ్రిజ్ పనిచేయదు. పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, సీసాను నీళ్లు చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి చిన్న కుండలో పెడితే బయటి కన్నా చల్లగా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున ఆ చల్లదనం తక్కువే, అయినా ఏమీ లేకపోవడం కన్నా నయం. ఫ్రిజ్‌లో ఉన్నంత కాలం గడ్డకట్టే అరలో పెట్టకూడదు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే. వేడికి ఇన్సులిన్ ఒంట్లోకి త్వరగా చేరి చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు కనుక అన్నం సహించని రోజున అమ్మగారు చక్కెర చూసుకోకుండా మామూలు మోతాదు వేసుకోకూడదు.

ఇంటి విషయానికి వస్తే, డాబా పగలంతా వేడి పీల్చుకుని రాత్రంతా కిందికి వదులుతుంది. ఇటీవలి వేసవుల్లో రాత్రులు చల్లబడకపోవడం పగటి ఎండ కన్నా ఎక్కువ చేటు చేస్తోంది, ఎందుకంటే పగలంతా శ్రమపడిన గుండెకు రాత్రి కూడా విశ్రాంతి దొరకదు. ఫిబ్రవరి నెలాఖరుకల్లా డాబా పైన సున్నం, అతుక్కోవడానికి కొంచెం ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయించండి, లేదా వేడిని తిప్పికొట్టే తెల్లటి రంగు వేయించండి. పడక గదిపైన కొబ్బరాకులు పరిపించినా మంచిదే, కానీ గాలివాన కబురు రాగానే తీసేయాలి. ఫోము పరుపు మీద కన్నా నవారు మంచం మీద ఒంటికి కింది నుంచి కూడా గాలి తగులుతుంది. ఏసీ లేని వేళ, గది 40 డిగ్రీలకు చేరనంతవరకు ఫ్యాను మేలే చేస్తుంది. తడిగుడ్డతో మెడ, చేతులు, కాళ్లు తుడుచుకుని ఫ్యాను కింద కూర్చుంటే ఇంకా మేలు. 40 దాటాక పొడి ఒంటి మీద ఫ్యాను గాలి వేడిని పెంచుతుంది. ఏసీ వేసినా కరెంటు బిల్లుకు భయపడి ఆపేసే అలవాటు పెద్దవాళ్లకు ఉంటుంది కనుక బిల్లు మీ ఫోను నుంచే కట్టండి, మొత్తం ఎంతో వాళ్లకు చెప్పవద్దు.

వడదెబ్బ తగిలితే వృద్ధులకు చాలాసార్లు చెమటే కనబడదు. ఒళ్లు కాలిపోతుంది, మాట తడబడుతుంది, ఉన్నట్టుండి మగతగా ఉంటారు లేదా అర్థంపర్థం లేకుండా మాట్లాడతారు. వయసు మీద పడింది, అలాగే ఉంటారు అని వదిలేయడం వల్లే ఎక్కువ ప్రాణాలు పోతాయి. వెంటనే 108కి ఫోను చేసి, బండి వచ్చేదాకా ఆగకుండా, నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ గట్టిగా గాలి విసరాలి. మెడకు, చంకల్లో, గజ్జల్లో చల్లటి గుడ్డలు పెట్టాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు. అమ్మగారి విషయంలో మాత్రం మాట తడబడగానే ముందుగా వేలికొన రక్తంతో చక్కెర చూడాలి, అది పడిపోయినా లక్షణాలు ఇలాగే ఉంటాయి.

రోజూ వచ్చే మనిషి గురించి మొదట అన్నాను. డబ్బు ఇచ్చి పెట్టుకున్నా, పక్కింటి కోడలైనా, మేనల్లుడైనా సరే, పని స్పష్టంగా ఉండాలి. ఉదయం పదింటికి, సాయంత్రం ఐదింటికి రావాలి. సీసాలో నీళ్లు ఎంత తగ్గాయి, మూత్రం ముదురు రంగులో ఉందా, మధ్యాహ్నం అన్నం తిన్నారా, తలుపు తీయడానికి వచ్చేటప్పుడు తూలారా, ఈ నాలుగూ చూసి మీకు ఒక మాట పంపాలి. వీడియో కాల్‌లో మీకు ఇవేవీ కనబడవు, కెమెరా ముందు ఇద్దరూ బాగున్నామనే అంటారు. ఆశా కార్యకర్తకు, ఊరి ఏఎన్‌ఎంకు మీ అమ్మానాన్నలు ఇద్దరే ఉంటారన్న సంగతి, వాడే మందుల జాబితా, మీ ఫోను నంబరు ఇవ్వండి. పింఛను తీసుకుంటూ ఉంటే, నెల మొదట్లో ఇంటికి వచ్చే సచివాలయ సిబ్బందికి కూడా చెప్పి ఉంచండి.

ఇక వరద. లంక గ్రామాలు ఏటిగట్ల లోపల, గోదావరి పాయల మధ్య ఉంటాయి కనుక గట్టు బయటి ఊళ్లకు వర్తించే లెక్క మీకు వర్తించదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. కానీ కాజ్‌వేలు, రేవుల దగ్గరి తాత్కాలిక బాటలు అంతకు ముందే మునుగుతాయి. బూరుగులంక రేవు దగ్గర బాట కొట్టుకుపోయి రోజుల తరబడి పడవలే దిక్కయిన సందర్భాలు మీ నాన్నగారికి బాగా తెలుసు. 2020 ఆగస్టులో మూడో హెచ్చరిక దాటింది. సాధారణంగా ఆగస్టులో వచ్చే పెద్ద వరద 2022లో జులై నెల మధ్యలోనే వచ్చి, 25 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. పాత అనుభవంతో ఇంకా సమయం ఉంది అనుకునే పెద్దవాళ్లకు ఈ మార్పును నెమ్మదిగా వివరించాలి. 1986లో ఇంత నీరు చూశాం, ఇల్లు కదల్లేదు అని ఆయన అంటే, ఆనాడు ఆయన వయసు నలభై లోపేనని గుర్తుచేయండి.

నా సలహా ఏమిటంటే, ధవళేశ్వరం కోసం ఎదురుచూడకండి, భద్రాచలాన్ని చూడండి. అక్కడి నీరు మన దగ్గరికి రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక ఇవ్వగానే సంచి సర్దాలి, 48 అడుగులకు రెండో హెచ్చరిక ఇచ్చేసరికి ఇద్దరూ పగటి వెలుతురులోనే గట్టు దాటి ఉండాలి. నాటు పడవలోకి ఎక్కడం మోకాళ్ల నొప్పులున్నవారికి చాలా కష్టం, బురద రేవులో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆ వయసులో మళ్లీ నిలబడటం కష్టమవుతుంది. చేతుల కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసి పడవలో దించేటట్లు ముందే మనుషులను అనుకోండి. సంచిలో నెల రోజుల మందులు, ఇన్సులిన్, సూదులు, చక్కెర చూసే యంత్రం, కళ్లజోడు, కట్టుడు పళ్లు, చేతికర్ర, మందుల చీటీల నకళ్లు, ఆధార్, వైద్య సేవ కార్డు ఉండాలి.

ఎక్కడికి వెళ్లాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. వృద్ధులు పునరావాస కేంద్రానికి రానని మొండికేయడానికి కారణం చాలావరకు మళ్లీ ఆ మరుగుదొడ్డే, నేల మీద పడుకుని లేవలేకపోవడమే. అమలాపురం వైపో, రావులపాలెం వైపో ఉన్న బంధువుల ఇంట్లో కమోడ్, కింది అంతస్తులో గది ఉన్నాయేమో కనుక్కుని, వరద రోజుల్లో వస్తామని ముందే మాట తీసుకోండి. కేంద్రానికే వెళ్లవలసి వస్తే కమోడ్ కుర్చీ, మడత మంచం వెంట తీసుకువెళ్లనివ్వండి, అవి అనవసరపు బరువు అని ఎవరూ అనకుండా చూడండి.

తుఫానుకు కూడా ఇదే ఏర్పాటు పనికివస్తుంది, కాకపోతే అప్పుడు చెట్లు, కరెంటు ముఖ్యం. ఇంటి మీదికి వాలిన కొబ్బరి చెట్లను అక్టోబరు రాకముందే చూసుకోండి. తుఫాను తరువాత మారుమూల లంకకు కరెంటు రావడానికి రోజులు పట్టవచ్చు కనుక ఇన్సులిన్ కుండను సిద్ధంగా ఉంచండి.

నీరు తీసిన తరువాత పెద్దవాళ్లను వెంటనే ఇంటికి పంపవద్దు. ఒండ్రు పేరుకున్న గచ్చు మీద కాలు జారడం, తడిసిన గోడల్లో కరెంటు, మూలల్లో చేరిన పాములు, ఎలుకల మూత్రం కలిసిన బురద వల్ల వచ్చే ఎలుక జ్వరం, ఇవన్నీ ఆ మొదటి వారంలోనివే. ఇల్లు కడిగించి, తాగునీటిలో క్లోరిన్ వేయించి, మెయిన్ స్విచ్ వేసేముందు కరెంటు పనివాడితో చూపించి, అప్పుడు తీసుకురండి.

చివరిగా మీ నాన్నగారిని ఒప్పించే సంగతి. ఆయన కదలకపోవడానికి కారణం ఇల్లు ఒక్కటే అయి ఉండదు. పాడి గేదె ఉందా, కొబ్బరి రాశి ఉందా, దేవుడి గదిలో దీపం ఎవరు పెడతారన్న చింత ఉందా అని అడిగి తెలుసుకోండి. గేదెకు గట్టు మీద చోటు, మేత, పాలు పితికే మనిషి కుదిరితే చాలామంది మారుమాట్లాడకుండా పడవ ఎక్కడం నేను చూశాను. ఈ మాటలు వరద నీరు కనబడుతున్నప్పుడు కాకుండా, సంక్రాంతికి మీరు ఊరు వెళ్లినప్పుడు, ఆయన భోజనం చేసి అరుగు మీద కూర్చున్న వేళ మాట్లాడండి. ఆ ప్రయాణంలోనే వైద్యుడి దగ్గర మందుల మార్పు, డాబాకు సున్నం, కమోడ్, కుళాయి స్టాండు పనులు అప్పగించి రండి. ఫోను ఉన్న చోట గోడ మీద 108, విపత్తుల సంస్థ 1070, వృద్ధుల సహాయ కేంద్రం 14567, మీ నంబరు, రోజూ వచ్చే మనిషి నంబరు కళ్లజోడు లేకుండా కనిపించేంత పెద్ద అంకెలతో రాసి అంటించండి.